రెండు లీటర్ల గ్రైండర్: అవ్వల తిట్లలో నిజమెంత?

టేబుల్ టాప్ గ్రైండర్ ఇంట్లోకి వచ్చిన రోజే చిత్తూరు అవ్వలు అందుకుంటారు: "ఈ కాలం పిల్లోళ్ళకి ఒళ్ళొంగదు. రోట్లో రుబ్బిన రుచి దీనికెట్లొస్తాది?" మన ఊళ్ళల్లో దొరికే 150 వాట్ల కోయంబత్తూరు రకం గురించైతే ఈ తిట్లలో సగం నిలబడవు.

రోలైనా గ్రైండరైనా రాతి మీద రాయి నెమ్మదిగా తిరగడమే. పిండి వేడెక్కేది మిక్సీలో, ఆ కోపం మిక్సీ మీదైతే న్యాయమే. కరెంటు తగలేస్తున్నారనేది మాత్రం ఒట్టి మాట. గంటసేపు తిప్పినా 0.15 యూనిట్.

అవ్వలు గెలిచేది నీళ్ళ దగ్గర. కుర్రోళ్ళు ఉద్దిపప్పు మునిగేలా ఒకేసారి నీళ్ళు పోసి, స్విచ్ వేసి, ఫోను పట్టుకుని పోతారు. పప్పు రాళ్ళ కింద జారిపోతుంది, నలగదు. ఇడ్లీ గట్టిపడ్డాక ఆడలేక మద్దెల ఓడన్నట్టు గ్రైండర్‌ని తిడతారు. గ్లాసు ఉద్దిపప్పు, చెంచా మెంతులు నాలుగు గంటలు నానబెట్టండి. ముందు మోటారు వేసి, తర్వాత పప్పు పిడికెడు పిడికెడు వెయ్యాలి. చల్లనీళ్ళు చిలకరిస్తూ అరగంట తిప్పాలి. చిటికెడు పిండి గిన్నెడు నీళ్ళల్లో వేస్తే తేలాలి. మునిగిందా, ఇంకో ఐదు నిమిషాలు. మూడు నాలుగు గ్లాసుల ఇడ్లీ బియ్యం విడిగా, సన్నరవ్వ పలుకు ఉండగానే తీసెయ్యాలి.

మే నెల తిరుపతి ఎండలకి పిండి ఆరేడు గంటల్లోనే పొంగి పొర్లుతుంది. గిన్నె సగం ఖాళీగా ఉంచండి, పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టండి. పులుపెక్కితే తప్పు రాయిది కాదు.

కొత్త గ్రైండర్‌లో రాతిపొడి ఉంటుంది. గుప్పెడు బియ్యం రెండుసార్లు రుబ్బి పారబోశాకే వాడాలి. మోటారు మోగుతున్నా డ్రమ్ము ఆగిందంటే పిండి గట్టిపడి బెల్టు జారుతున్నట్టు. వెంటనే ఆపి, చారెడు నీళ్ళు కలపండి. అప్పటికీ తిరక్కపోతే బెల్టు మార్చాల్సిందే. అంచున ప్లాస్టిక్ పలక ఉన్నా పప్పు గోడకి అంటుకుంటూనే ఉంటుంది, స్విచ్ ఆపి మధ్యమధ్యలో చేత్తో తియ్యాలి. మోటారున్న కింది భాగానికి నీళ్ళు తగలకూడదు.

అసలు లోపం బరువు. మొత్తం పది కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. రాళ్ళెత్తి కడగడం అవ్వ నడుముకి కుదరదు, ఒళ్ళొంగనోళ్ళే ఎత్తాలి. తడి ఆరకముందే డ్రమ్ములో పెట్టి మూస్తే మర్నాటికి పులిసిన కంపు.