రోడ్స్: కోట లోపల రెండు రాత్రులు, బయట మూడు

గ్రీసులోని సాంటోరినీ దీవి ఫొటోలు చూసీ చూసీ మొహం మొత్తి, సెప్టెంబరు చివర్లో నేనూ అమ్మా రోడ్స్‌కి వెళ్ళాం. గ్రీసు దీవే గాని, ఊళ్ళోంచి చూస్తే టర్కీ కొండలు ఎదురుగా కనిపిస్తాయి.

మొదటి రెండు రాత్రులకి పాత ఊళ్ళో, కోట గోడల లోపల గది తీసుకున్నాం. టాక్సీ కోట గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అక్కణ్ణించి గులకరాళ్ళు పొదిగిన సందుల్లో పెట్టెలు ఈడ్చుకుంటూ వెళ్ళేసరికి నా పెట్టె చక్రం ఒకటి ఊడింది. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. అర్ధరాత్రి దాకా కింద హోటల్లో పళ్ళేల చప్పుడు. అయినా మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను. పొద్దున్న ఏడింటికి, క్రూయిజ్ ఓడల జనం రాకముందు, నైట్ల వీధిలో మేమిద్దరమే నడిచాం. 1309 నుంచి 1522 దాకా దీవిని ఏలిన సెయింట్ జాన్ నైట్లు (క్రైస్తవ సన్యాసి యోధులు) ఈ వీధిలో ఫ్రెంచివాళ్ళకొకటి, స్పెయిన్‌వాళ్ళకొకటి అని వేరువేరు సత్రాలు కట్టుకున్నారు. "కాశీలో మన సత్రాల్లాగేనన్నమాట" అంది అమ్మ.

వీధి చివరున్న గ్రాండ్ మాస్టర్ (ఆ నైట్ల నాయకుడు) కోట చూసి మరీ మురిసిపోకండి. 1856లో మందుగుండు పేలి అసలుది కూలిపోయింది. ఇప్పుడున్నది 1930ల చివర్లో ఇటలీవాళ్ళు కట్టించింది. నేలమీది మొజాయిక్‌లు మాత్రం పాతవే, చాలావరకు కోస్ దీవి నుంచి తెచ్చి పరిచినవి.

"ఆ పెద్ద విగ్రహం ఏదే?" అని రేవు దగ్గర అమ్మ వెతికింది. ప్రాచీన ఏడు వింతల్లో ఒకటైన కొలోసస్ గురించి అడుగుతోంది. ముప్పై మీటర్లు దాటిన ఆ కంచు సూర్యదేవుడు అరవై ఏళ్ళు కూడా నిలబడలేదు, క్రీ.పూ. 226 నాటి భూకంపంలో కూలాడు. ఇప్పుడు మాండ్రాకి రేవు ముఖద్వారంలో రెండు స్తంభాలమీద రెండు జింకలున్నాయి. "వీటికోసమా ఇంత దూరం!" అంది.

ఆ మాట లిండోస్‌లో, కొండమీద పాత కోట ఉన్న ఊళ్ళో, వెనక్కి తీసుకుంది. యాభై కిలోమీటర్లు, బస్సులో. మొదటి బస్సుకే వెళ్ళండి, పైన నీడ ఉండదు. గాడిదలమీద ఎక్కిస్తామన్నారు గాని, ఆ ఎండలో ఆ మూగజీవాల్ని చూసి అమ్మ ఒప్పుకోలేదు. బండలో చెక్కిన ప్రాచీన ఓడ దగ్గర చతికిలబడింది. అథీనా గుడి దాకా నేనొక్కదాన్నే ఎక్కాను. కింద సెయింట్ పాల్ బే, ఆకుపచ్చ గాజులా. తిరుగు బస్సులో మాత్రం నిలబడే రావాల్సి వచ్చింది.

మిగతా మూడు రాత్రులు లిండోస్ దగ్గరి పెఫ్కోస్‌లో, ఒక కుటుంబం నడిపే ఇంట్లో. చిన్న వంటగది, ఎదురుగా పైన్ చెట్లు, నడిచి వెళ్ళేంత దూరంలో ఇసుక తీరం. సముద్రస్నానానికి దీవి తూర్పు వైపే మేలు, పడమర గాలి ఎక్కువ. ఊళ్ళోని ఎల్లీ బీచ్ గులకరాళ్ళది. చెప్పుల్లేకుండా నీళ్ళలో దిగలేం. చాంబికా బీచ్‌లో మెత్తటి ఇసుక, చాలా దూరం నడుంలోతే. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అమ్మ గంటసేపు అందులోనే నిలబడింది.

శాకాహారులకి బెంగ లేదు. పిటరూడియా అంటే శనగలతో వేసే వడలే, పుదీనా వాసనతో. పెళ్ళిళ్ళలో పంచే మెలెకూని అయితే నువ్వులూ తేనే కలిపి చేసేది, మన చిమ్మిలికి చెల్లెలు. అమ్మ నాలుగు డబ్బాలు కొంది. అన్నీ ఆ చక్రం లేని పెట్టెలోనే సర్దింది.