హీట్ పంప్ సాయాలు: కాగితం మీద ఎంత, చేతికి ఎంత

అమెరికాలో పాత గ్యాస్ ఫర్నేస్‌నూ, దానికి తోడుగా ఉన్న ఏసీనీ తీసివేసి హీట్ పంప్ (చలికాలంలో ఇంటిని వేడి చేసి, వేసవిలో చల్లబరిచే ఒకే యంత్రం) పెట్టించుకునే ఇంటివారికి 2025 చివరి వరకు మూడు వైపుల నుంచి సాయం అందే అవకాశం ఉండేది. ఫెడరల్ ఆదాయపు పన్నులో ట్యాక్స్ క్రెడిట్ మొదటిది, రాష్ట్రం ద్వారా వచ్చే రిబేటు రెండవది, కరెంటు కంపెనీ ఇచ్చే రిబేటు మూడవది. గత సంవత్సరం మా ఇంటికి ఈ మార్పు చేయించినప్పుడు మూడింటి నిబంధనలనూ చదవవలసి వచ్చింది. అందరి నోటా వినిపించిన ఫెడరల్ క్రెడిట్ కన్నా, ఎవరూ పెద్దగా ప్రస్తావించని కరెంటు కంపెనీ రిబేటే సేవగా మెరుగైనదని నా అభిప్రాయం.

2022 ఆగస్టులో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ ఫెడరల్ క్రెడిట్‌ను బాగా పెంచింది. 2023 నుంచి హీట్ పంప్ ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్లు పన్నులో తగ్గేవి. సెంట్రల్ ఏసీకీ, గ్యాస్ ఫర్నేస్‌కీ విడివిడిగా 600 డాలర్ల పరిమితి ఉండేది. వీటితో పాటు ఇన్సులేషన్, కిటికీలు, తలుపులు వంటివన్నీ కలిపి 1,200 డాలర్లు దాటకూడదు, హీట్ పంప్‌తో కలుపుకుంటే ఏడాదికి మొత్తం 3,200 డాలర్లు. ఈ పరిమితి జీవితకాలానికి కాక ఏటా కొత్తగా మొదలవడం మెచ్చుకోదగిన విషయం. ఒక ఏడాది అటక ఇన్సులేషన్, మరుసటి ఏడాది కిటికీలు అని పని విడదీసుకున్నవారు రెండుసార్లు లాభపడ్డారు.

అయితే ఈ క్రెడిట్ మీరు కట్టవలసిన పన్నును తగ్గించేదే తప్ప, మిగిలిన సొమ్మును మీ చేతికి ఇచ్చేది కాదు, మరుసటి ఏడాదికి జమ చేసేదీ కాదు. పన్ను 1,100 డాలర్లే ఉన్న ఇంటికి 2,000 డాలర్ల క్రెడిట్‌లో 900 డాలర్లు అలాగే పోయేవి. నిజంగా సాయం అవసరమైన తక్కువ ఆదాయపు ఇంటికి తక్కువా, మంచి జీతం ఉన్న ఇంటికి పూర్తిగానూ అందే ఏర్పాటును మంచి పథకం అనడానికి నాకు మనసొప్పదు. పైగా పూర్తిగా అద్దెకు ఇచ్చిన ఇంట్లో పెట్టించిన పరికరానికి యజమానికి ఇది వర్తించేది కాదు. పెట్టుబడిగా రెండో ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామంది ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నారు.

కాగితాల పని కూడా తక్కువేమీ ఉండేది కాదు. బయట పెట్టే యూనిట్ ఎంత మంచిదైనా చాలేది కాదు. లోపలి కాయిల్‌తో కలిపి ఆ జతకు వచ్చిన రేటింగే లెక్కలోకి వచ్చేది కనుక, ఆ జతకు చెందిన ఏహెచ్ఆర్ఐ (ఇలాంటి పరికరాల రేటింగులను ధ్రువీకరించే పరిశ్రమ సంస్థ) సర్టిఫికెట్‌ను కాంట్రాక్టర్ దగ్గర అడిగి తీసుకోవలసి ఉండేది. హీట్ పంప్‌కు కూలీ ఖర్చు కూడా క్రెడిట్ లెక్కలో చేరేది, ఇన్సులేషన్‌కూ కిటికీలకూ చేరేది కాదు. అందువల్ల అన్నింటినీ ఒకే మొత్తంగా రాసి ఇచ్చే బిల్లు పన్ను దాఖలు చేసే వేళ తలనొప్పి అయ్యేది. 2025లో పెట్టించినవాటికి తయారీదారుకు కేటాయించిన కోడ్‌ను కూడా ఈ క్రెడిట్ అడిగే 5695 ఫారంలో రాయాలి.

2025 జూలై 4న సంతకమైన చట్టం ఈ క్రెడిట్‌ను ముగించింది. 2025 డిసెంబర్ 31 లోపు పరికరం బిగించి వాడకంలోకి వచ్చి ఉండాలి. డిసెంబర్‌లో సొమ్ము కట్టి జనవరిలో బిగించుకున్నవారికి ఏమీ రాదు. భూగర్భ ఉష్ణంతో పనిచేసే జియోథర్మల్ పంపులకు గరిష్ఠ పరిమితి లేకుండా ఇచ్చిన 30 శాతం క్రెడిట్ కూడా అదే తేదీతో ముగిసింది. ఇప్పటికీ ఎవరైనా కొటేషన్‌లో ఫెడరల్ 2,000 డాలర్లు తగ్గించి చూపిస్తే ఆ కాగితాన్ని తిప్పి పంపండి.

రాష్ట్రాల ద్వారా వచ్చే రిబేట్లకు అదే 2022 చట్టం సుమారు 880 కోట్ల డాలర్లు కేటాయించింది. ఇందులో ఒక పథకం కింద, ప్రాంతీయ మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉన్న ఇంటికి హీట్ పంప్ పూర్తి ఖర్చు 8,000 డాలర్ల వరకు, 80 నుంచి 150 శాతం మధ్య ఉన్నవారికి సగం ఖర్చు అదే పరిమితి వరకు వస్తుంది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న ఇళ్లు చాలావరకు ఈ గీతకు అవతలే ఉంటాయి. కానీ అమ్మకం దగ్గరే ధర తగ్గించే ఈ పద్ధతి పన్ను క్రెడిట్ కన్నా ఎంతో న్యాయమైనది. అన్ని రాష్ట్రాలూ ఒకే సమయంలో మొదలు పెట్టలేదు, మొదలైన చోట కూడా ఆగిన సందర్భాలున్నాయి. అనుమతి రాకముందే పని మొదలు పెడితే రిబేటు చేజారుతుందన్నది మరవకూడదు.

మాకు నిజంగా పనికి వచ్చింది కరెంటు కంపెనీ రిబేటు. వారి జాబితాలో ఉన్న కాంట్రాక్టర్‌నే పెట్టుకోవాలి, ముందుగా దరఖాస్తు చేయాలి, అంతే. ఆ మొత్తం బిల్లులోనే తగ్గింది. పన్ను లెక్కలో మాత్రం ఆ రిబేటును ముందు తీసివేసి, మిగిలిన ఖర్చు మీదే 30 శాతం వేయవలసి ఉండేది. పని 14,000 డాలర్లదైతే 1,500 డాలర్ల రిబేటు తీసివేసినా 2,000 పరిమితి ఎలాగూ తగిలేది కనుక నష్టం ఉండేది కాదు. 6,000 డాలర్ల చిన్న పనికైతే అదే రిబేటుతో క్రెడిట్ 1,800 నుంచి 1,350కి దిగేది.

ఈ రిబేట్లలోనూ ఒక లోపం ఉంది. కొన్ని కంపెనీలు టన్నుకు (యూనిట్ సామర్థ్యాన్ని కొలిచే ప్రమాణం) ఇంత అని లెక్కగట్టి ఇస్తాయి, దాంతో అవసరానికి మించిన పెద్ద యూనిట్‌ను అంటగట్టే ఆశ కాంట్రాక్టర్‌కు కలుగుతుంది. మేము పిలిచిన వారిలో ఒకరు ఇంటి గోడలూ కిటికీలూ కొలవకుండానే పెద్ద సైజు సిఫారసు చేసి, అన్ని సాయాలూ గరిష్ఠంగా తీసివేసిన ధరను మాత్రమే పెద్ద అక్షరాల్లో రాసి ఇచ్చారు. అతి పెద్ద యూనిట్ మాటిమాటికీ ఆగి మొదలవుతుంది, వేసవిలో గాలిలోని తేమను సరిగా తీయదు. గది గదికీ వేడిని లెక్కించే మాన్యువల్ జె లెక్క చేయని కాంట్రాక్టర్‌ను, ఎంత రిబేటు ఆశ చూపినా, పక్కన పెట్టడమే మేలు. కొటేషన్లను పోల్చవలసింది సాయాలు తీసివేయకముందు ఉన్న ధరతోనే.

ఐదు మార్కులకు కరెంటు కంపెనీ రిబేటుకు నాలుగు, ఫెడరల్ క్రెడిట్‌కు మూడు ఇస్తాను. రాష్ట్ర రిబేటు మాకు వర్తించలేదు కనుక దానికి మార్కులు వేయను. 2025లో పెట్టించుకున్నవారు ఆ ఏడాది పన్ను పత్రంతో పాటు 5695 ఫారం జత చేయాలి. 2023లోనో 2024లోనో పెట్టించి క్రెడిట్ అడగడం మరచినవారు సాధారణంగా దాఖలు చేసిన నాటి నుంచి మూడేళ్ల లోపు 1040-ఎక్స్ ఫారంతో సవరించి అడగవచ్చు.