చంకల చెమటకి ఏది మేలు: స్ప్రేనా, రోల్ ఆనా, పటికా?

ఎండాకాలం బెజవాడ ఉక్కపోతలో స్నానం చేసి బయటికొచ్చేలోపే చొక్కా తడిసిపోతుంది, ఇంక సిటీ బస్సులో పైన రాడ్ పట్టుకుని నిలబడాలంటే పక్కనోళ్ల సంగతి కూడా చూడాలి కదా. షాపులో చూస్తే డియో స్ప్రేలు, రోల్ ఆన్లు బోలెడు, ఇంట్లో పెద్దోళ్లేమో ఇవన్నీ దండగ, పటిక రుద్దుకో చాలు అంటారు.

అసలు మీ ప్రాబ్లం వాసనా, తడా? చెమటకి దానంతటదిగా పెద్ద వాసనుండదు, చంకల్లో ఉండే బ్యాక్టీరియా దాన్ని తిని కంపు పుట్టిస్తుంది. మామూలు డియో ఆ కంపు సంగతే చూస్తుంది, చెమట ఆపదు. చెమట తగ్గాలంటే డబ్బా మీద యాంటీపెర్స్పిరెంట్ అని ఉండాలి, అందులో అల్యూమినియం లవణాలుంటాయి, అవి చెమట రంధ్రాల్ని కొంతసేపు మూసేస్తాయి.

స్ప్రే కొట్టుకోవడం ఈజీ, వాసన బాగుంటుంది, కాలేజీ పిల్లలకి అదే ఇష్టం. కానీ చాలా డబ్బాల్లో సెంటు, ఆల్కహాల్‌తో పాటు ఉండేది బ్యూటేన్, ప్రొపేన్, అంటే మన వంటగ్యాస్ సిలిండర్లో ఉండే సరుకే. పొయ్యి దగ్గరో దేవుడి దీపం పక్కనో కొట్టుకోకండి, ఎండలో పార్క్ చేసిన కార్లో అసలు వదలొద్దు, 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసుంటుంది. చర్మానికి ఆనించి బుస్సుమని కొడితే ఆ చల్లదనానికే చర్మం కాలినట్టయిపోతుంది, ఒక జానెడు దూరం ఉంచాలి. ఆస్తమా ఉన్నోళ్లు ఇంట్లో ఉంటే మూసిన బాత్రూంలో స్ప్రే వద్దే వద్దు.

నా ఓటు మాత్రం రోల్ ఆన్‌కే, అదీ యాంటీపెర్స్పిరెంట్ రకానికి. గాల్లోకి పోదు, కావలసిన చోటే పడుతుంది. కాకపోతే చాలామంది పొద్దున్నే స్నానం చేసి తడి చంకలకే గబగబా రాసేసుకుని ఇది పనిచేయట్లేదండీ అంటారు, రాయాల్సింది రాత్రి పడుకునే ముందు, బాగా తుడుచుకుని ఆరాక. రాత్రిపూట చెమట తక్కువ కాబట్టి మందు రంధ్రాల్లో కుదురుకుంటుంది, పొద్దున స్నానం చేసినా దాని పని అది చేస్తుంది. షేవ్ చేసిన రోజు మాత్రం మానేయండి, మంట పుడుతుంది. తెల్ల చొక్కాలకి చంకల్లో పసుపు మరకలు పడతాయి, అదొక్కటే నాకు చిరాకు.

పటిక చవక, మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే ముక్కే, తడిపి చంకలో రాసుకుంటే వాసన బానే తగ్గుతుంది. చెమట మాత్రం రోల్ ఆన్ అంత ఆపదు. ముక్క అంచులు గరుగ్గా ఉంటే గీరుకుంటుంది, నీళ్లలో అరగదీసి నున్నగా చేసుకోండి. తమాషా ఏంటంటే అల్యూమినియం వద్దని రోల్ ఆన్ మానేసి పటికకి మారేవాళ్లున్నారు, పటికలో ఉన్నదీ అల్యూమినియమే! ఆన్‌లైన్లో క్రిస్టల్ డియో అని బోలెడు రేటుకి అమ్మేదీ ఎక్కువగా ఇదే. నిమ్మచెక్క, వంటసోడా జోలికి పోకండి, ఒకటి మరీ పులుపు, ఇంకోటి మరీ క్షారం, చంకల్లో పల్చటి చర్మం ఊరుకోదు, దద్దుర్లొస్తాయి.

ఇక వాట్సాప్‌లో తిరిగే క్యాన్సర్ భయం. డియో వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఇప్పటిదాకా పరిశోధనల్లో తేలలేదు. కిడ్నీ జబ్బున్నోళ్లు మాత్రం అల్యూమినియం ఉన్నవి వాడే ముందు డాక్టర్ని అడగాలి, ఎందుకంటే దాన్ని బయటికి పంపాల్సింది కిడ్నీలే. మామోగ్రామ్‌కి, అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రేకి వెళ్లే రోజు ఏదీ రాసుకోకూడదు, ఆ తెల్ల రేణువులు ఫిల్ములో క్యాన్సర్ అనుమానం తెప్పించే కాల్షియం చుక్కల్లా కనపడి కంగారు పెడతాయి.

ఏది వాడినా దురద, ఎరుపు వస్తే ఆపేసి, తగ్గాక సెంటు లేని రకం ట్రై చేయండి, చాలాసార్లు పడనిది ఆ సెంటే. ఇవేవీ పనిచేయకుండా ఏసీలో కూర్చున్నా చెమట కారుతుంటే మాత్రం ఇంకో బ్రాండ్ కొనే బదులు స్కిన్ డాక్టర్‌కి చూపించుకోండి.