అసెంబుల్డ్ యాంప్లిఫైయర్ కొంటున్నారా? మూత తీసి చూపించని వాడికి డబ్బులు పంపకండి

అనంతపురం, కర్నూలు, కడప వైపు ఉన్న ఆడియో మిత్రులందరికీ. ఆన్‌లైన్‌లో ఎవరైనా "ఒరిజినల్ జపాన్ ట్రాన్సిస్టర్లు, ప్యూర్ కాపర్ ట్రాన్స్‌ఫార్మర్, చానెల్‌కు 150 వాట్లు" అంటూ అసెంబుల్డ్ స్టీరియో యాంప్లిఫైయర్ అమ్ముతుంటే, డబ్బులు పంపే ముందు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. నేను 14 వేలు పెట్టి కొన్నాను. అది నా ఎనిమిదంగుళాల వూఫర్‌ను కాల్చేసింది. వూఫర్ పోతే పోయింది, మళ్లీ కొనుక్కోవచ్చు, కానీ ఇంట్లో పిల్లలు చెయ్యి పెట్టే చోట షాక్ కొట్టే స్థితిలో ఉన్న పెట్టెను "ఇంటికి పనికొస్తుంది అన్నా" అని అమ్మడం ఏంటి, నా కోపమంతా అక్కడే. అమ్మినాయన పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు నడుస్తోంది. పేరు కన్నా ఆయన అమ్మే పద్ధతి మీకు తెలియాలి, రేపు వేరే పేరుతో వచ్చినా గుర్తుపట్టొచ్చు.

ఆన్‌లైన్‌లో మన ఆడియో మిత్రుల కబుర్లు ఎట్లుంటాయో మీకు తెలియంది కాదు. రాత్రి భోజనాలయ్యాక ఎవరో ఒకరు 4440 ఐసీ (పాత చిన్న యాంప్లిఫైయర్ చిప్) ఊసెత్తుతారు, ఇక మట్టికుండ మీద స్పీకర్ బోర్లించి వీధంతా వినిపించిన రోజులన్నీ బయటికొస్తాయి. ఆ ఐసీ డేటాషీట్ ప్రకారం ఇచ్చేది చానెల్‌కు 6 వాట్లు, రెండు చానెళ్లూ కలిపి బ్రిడ్జ్ చేస్తే 19, అయినా డబుల్ బేస్ బోర్డు అని పేరు పెట్టి 200 వాట్లని అమ్మేవాళ్లకు ఇప్పటికీ కొదవ లేదు. కడప తమ్ముడికి బేస్ అదిరితే చాలు, కర్నూలు అన్నకు గొంతు విడిగా, స్పష్టంగా వినపడాలి, టోన్ కంట్రోల్ ఉండాలా వద్దా అని ఇద్దరూ పోట్లాడుకుంటుంటే మిగతావాళ్లం ఎగదోస్తుంటాం. రోజంతా పని చేసుకుని వచ్చినవాళ్లకు అదొక సంతోషం.

నాకు పెట్టె అమ్మినాయన దిగింది ఆ కబుర్లలోకే. మొదట్లో అమ్మకం మాటే లేదు. క్యాసెట్ డెక్ హెడ్ దేంతో తుడవాలని ఒకరడిగితే ఓపిగ్గా చెప్పాడు, హమ్ (గుయ్యిమనే మోత) వస్తోందన్నవాడికి గ్రౌండ్ వైర్లన్నీ ఒకే చోట కలపమన్నాడు, అది సరైన సలహానే. అట్ల అందరికీ దగ్గరయ్యాక, ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాడు: "మీకోసం ఒకటి చేసిస్తా అన్నా, నాకు లాభం వద్దు, సామాన్ల ఖర్చు ఇస్తే చాలు." నాకు, కర్నూలు అన్నకు, ధర్మవరం మిత్రుడికి అక్షరం మారకుండా ఇదే మాట వెళ్లిందని తర్వాత మాట్లాడుకుంటే తేలింది.

లోపలి ఫోటో అడిగితే "నా సొంత డిజైన్, కాపీ కొట్టేస్తారు" అన్నాడు. బదులుగా వీడియో పంపాడు. ఫోన్‌లో తీసిన వీడియోలో ఏ యాంప్లిఫైయరైనా బాగానే వినిపిస్తుంది, సౌండ్ ఎంత పెంచినా ఫోనే దాన్ని సర్దేస్తుంది కాబట్టి ఆ వీడియోను బట్టి ఏమీ చెప్పలేం. బిల్లు అడిగితే "మనలో మనకు బిల్లేంటన్నా". యూపీఐలో పేరు ఇంకెవరిదో వచ్చింది, తమ్ముడిదన్నాడు. బస్సు పార్శిల్‌లో వచ్చిన పెట్టె చూడ్డానికి బాగుంది, ముందు పలక మీద నీలం లైట్లు, మూత స్క్రూ మీద ఒక స్టిక్కర్, అది చింపితే వారంటీ ఉండదట.

తక్కువ వాల్యూమ్‌లో పర్వాలేదనిపించింది. సగం దాటితే బేస్ పట్టు తప్పి చప్పగా వదులైపోయేది. ఒక రాత్రి పాట మధ్యలో టప్ మని శబ్దం, వూఫర్ కోన్ ముందుకు తోసుకొచ్చి అట్లే నిలబడిపోయింది, వార్నిష్ కాలిన వాసన. స్విచ్చు ఆపేలోపే కాయిల్ పోయింది.

రిపేరు చేసే అన్న దగ్గరికి తీసుకెళ్లాను. మూత తీయగానే ఆయన అన్న మొదటి మాట, "యాడ తెచ్చినావు సామీ దీన్ని? ఫ్యూజే లేదు." ఫ్యూజ్ హోల్డర్ ఉంది, అందులో ఫ్యూజ్ బదులు రాగి తీగ ముక్క వేసి టంకం పెట్టారు. ప్లగ్గు రెండు పిన్నులది, ఇనుప బాడీకి ఎర్త్ లేదు, 230 వోల్టుల వైరు స్లీవ్ కూడా లేకుండా ఆ బాడీ అంచుకు రాసుకుంటూ పోయింది. అప్పటికే ఒక చోట తోలు తెగి తీగ కనపడుతోంది.

తర్వాత ట్రాన్స్‌ఫార్మర్. బయటికొచ్చిన కొసలు ఎర్రగా రాగివే. పసుపు టేపు ఒక చుట్టు విప్పి లోపలి తీగను బ్లేడుతో గీకితే తెల్లగా మెరిసింది. చుట్టిందంతా అల్యూమినియం, కనపడే జానెడు మాత్రం రాగి అతికించారు. అల్యూమినియం వాడకూడదని కాదు, అది ముందే చెప్పి ఆ ధరకే అమ్మితే అదొక రకం. కానీ రాగితో పోలిస్తే దాని రెసిస్టెన్స్ 1.6 రెట్లు ఎక్కువ, అదే లావు తీగ చుడితే వేడెక్కుతుంది, లోడు పడగానే వోల్టేజ్ జారిపోతుంది. బేస్ దగ్గర పట్టు తప్పడానికి అదొక కారణం.

వాట్ల లెక్క కూడా చూడండి, ఇది ఎవరైనా వేసుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసింది 24-0-24 (మధ్య తీగకు అటు 24, ఇటు 24 వోల్టులు), 5 ఆంపియర్లు. 48ని 5తో గుణిస్తే 240 వీఏ, అంటే ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వగల మొత్తం పవర్ అంతే. రెండు చానెళ్లకు కలిపి 300 వాట్లు ఎక్కడినుంచి వస్తాయి? పైగా 24 వోల్టుల ఏసీ డయోడ్లు దాటాక ప్లస్ 33, మైనస్ 33 వోల్టుల డీసీ అవుతుంది, దాంతో 8 ఓమ్ స్పీకర్‌కు ఎంత లాగినా 50, 55 వాట్లే. చానెల్‌కు 150 నిజంగా రావాలంటే సప్లై ప్లస్ మైనస్ 50 వోల్టులు దాటాలి. ఎవరైనా వాట్లు చెప్తే ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు, ఆంపియర్లు అడగండి, ఆర్‌ఎమ్‌ఎస్సా (ఆగకుండా ఇవ్వగల పవర్) పీఎంపీఓనా (క్షణకాలపు పీక్ పేరుతో రాసే అంకె) అనేది కూడా అడగండి. పీఎంపీఓకు ఒక కొలత అంటూ లేదు, ఎంత రాసుకుంటే అంత.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది కెపాసిటర్లు. పైన 10,000 మైక్రోఫారడ్, 63 వోల్ట్ అని ఉంది. రిపేరు అన్నకు బరువు తక్కువ అనిపించి ఒకటి కోశాడు. పెద్ద డబ్బాలో చిన్న కెపాసిటర్ పెట్టి, ఖాళీ అంతా జిగురుతో నింపారు, లోపలి దాని మీద ఉన్నది 2,200 మైక్రోఫారడ్, 35 వోల్ట్. మన వైపు అర్ధరాత్రి దాటాక కరెంటు 250 వోల్టుల దాకా పెరిగిందనుకోండి, ఆ 33 కాస్తా 36 అవుతుంది. 35 వోల్టుల కెపాసిటర్ మీద 36 వోల్టులు పడితే అది ఉబ్బి పేలొచ్చు. ఆ పెట్టె ఉన్నది మా నాన్న మంచం పక్కన.

ట్రాన్సిస్టర్లు 5200, 1943 జత. తోషిబా వాళ్లవి అసలువైతే 230 వోల్టులు, 15 ఆంపియర్లు తట్టుకునే గట్టి జత, అందుకే వాటికి నకిలీలు కూడా అంత ఎక్కువ. షార్ట్ అయినదాన్ని పగలగొట్టి చూశాం, లోపల సిలికాన్ ముక్క నువ్వుగింజ కన్నా కాస్త పెద్దది, అంతే. పక్కన పాత జపాన్ సెట్‌లో కాలిపోయిన అసలుది పగలగొడితే దానికి కొన్ని రెట్లు పెద్ద ముక్క కనపడింది. మిగిలినవాటి మీద అక్షరాలు థిన్నర్ తడిపిన దూదితో రుద్దగానే పోయాయి. అటువంటి ట్రాన్సిస్టర్ షార్ట్ కాగానే 33 వోల్టుల డీసీ నేరుగా స్పీకర్‌కు వెళ్తుంది, వూఫర్ పోయింది అట్లనే. కొన్ని వందల్లో దొరికే స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు వేసి ఉంటే అందులోని రిలే స్పీకర్ లైన్ తెంచేసేది, అదీ వేయలేదు.

ఇవన్నీ ఫోటోలతో పంపితే ఆయన జవాబు "మీ ఊరి కరెంటు బాగాలేదన్నా, మూత తీశారు కాబట్టి వారంటీ లేదు." తర్వాత బ్లాక్ చేశాడు. హమ్ గురించి రాత్రుళ్లు అంత బాగా మాట్లాడిన మనిషే.

అందుకని కొనేవాళ్లు అడగాల్సినవి చెప్తాను. మూత తీసి, అదే రోజు పేపరు పక్కన పెట్టి లోపలి ఫోటో పంపమనండి. ఫ్యూజ్, మూడు పిన్నుల ప్లగ్గు, బాడీకి బిగించిన ఎర్త్ వైరు కనపడాలి. దగ్గరి ఊరైతే మల్టీమీటర్, 8 ఓమ్ వంద వాట్ల రెసిస్టర్ పట్టుకెళ్లండి, 50 హెర్ట్జ్ టోన్ పెట్టి సౌండ్ చీలేముందు దాకా పెంచి ఏసీ వోల్టులు చూడండి, వచ్చిన అంకెను దానితోనే గుణించి 8తో భాగించండి. 20 వోల్టులు వస్తే 50 వాట్లు. స్పీకర్ తగిలించే ముందు అవుట్‌పుట్‌లో డీసీ కూడా చూడాలి, కొన్ని పదుల మిల్లీవోల్టులు మించి ఉంటే తగిలించొద్దు. బిల్లు, అమ్మేవాడి పేరు మీదే యూపీఐ, ఈ రెండూ లేకుంటే వదిలేయండి. మంచివాళ్లు ఉన్నారు, మన మూడు ఊళ్లలోనూ నిజాయితీగా చేసిచ్చే మెకానిక్కులున్నారు, వాళ్లెవరూ మూత తీయమంటే బాధపడరు.

ఇప్పటికే ఇట్ల కొన్నవాళ్లు చాట్లు డిలీట్ చేయకండి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ముందు అక్కడ నమోదు చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ ఊర్లో ఉన్నా మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. నేను వేస్తున్నాను, ధర్మవరం మిత్రుడూ కలుస్తున్నాడు, కర్నూలు అన్న డబ్బు పంపకుండా ఆగాడు కాబట్టి సాక్షిగా ఆ మెసేజ్ ఇస్తానన్నాడు.

మీ ఇంట్లో నీలం లైట్ల పలక, స్క్రూ మీద స్టిక్కర్ ఉన్న అసెంబుల్డ్ పెట్టె ఏదైనా ఉంటే ముందు ప్లగ్గు తీసేయండి. కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది కాబట్టి మీకై మీరు మూత తీసి వేళ్లు పెట్టొద్దు, తెలిసినవాళ్లతో తీయించి లోపలి ఫోటో నాకు పంపండి, రిపేరు అన్నకు చూపించి ఏముందో ఏం లేదో చెప్తాను.