బల్ల దగ్గర శిక్షణా, ఆటలో శిక్షణా: ఆటిజం ఉన్న చిన్నారికి ఏది మేలు?

బిడ్డకు ఆటిజం ఉందని డాక్టర్ చెప్పగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఏ థెరపీలో చేర్పించాలి? ఒకరు "కూర్చోబెట్టి నేర్పిస్తాం" అంటారు. ఇంకొకరు "ఆడిస్తూ నేర్పిస్తాం, మీరూ పక్కనే ఉండాలి" అంటారు. నాలుగేళ్లలోపు పిల్లలకైతే నేను రెండోదానివైపే మొగ్గుతాను. అలాగని మొదటిది పనికిరాదని కాదు.

బల్ల దగ్గర కూర్చోబెట్టి నేర్పే పద్ధతి ఏబీఏ (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్) అనే ప్రవర్తనా శిక్షణ నుంచి వచ్చింది. ఒక పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మళ్లీ మళ్లీ చేయించి, సరిగ్గా చేసినప్పుడల్లా బిడ్డకు నచ్చింది ఇస్తారు. దీనికి పేరు తెచ్చింది 1987లో మనస్తత్వవేత్త ఐవర్ లోవాస్ ప్రచురించిన అధ్యయనం. వారానికి 40 గంటల శిక్షణ పొందిన 19 మందిలో 9 మంది మామూలు తరగతిలో చదవగలిగారని అందులో ఉంది. ఆ 40 గంటల లెక్క చూసి ఉద్యోగం మానేయాలేమోనని బెంగపడే తల్లులున్నారు. కానీ ఎవరికి ఏ శిక్షణ అన్నది ఆ అధ్యయనంలో లాటరీ తీసి నిర్ణయించలేదు, కాబట్టి ఆ ఫలితమంతా శిక్షణవల్లేనని గట్టిగా చెప్పలేం. పైగా గద్దించడం, అప్పుడప్పుడు తొడమీద కొట్టడం కూడా అప్పటి శిక్షణలో భాగమే. ఇప్పుడు ఎక్కడైనా అలా దండిస్తుంటే బిడ్డను వెంటనే మాన్పించండి.

పళ్లు తోముకోవడం, గుండీలు పెట్టుకోవడం, టాయిలెట్ అలవాటు లాంటివాటికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. చిక్కంతా మాటల దగ్గరే. కార్డు చూపిస్తే "నీళ్లు" అనే బిడ్డ, దాహమేసినప్పుడు ఆ మాట అనకపోవచ్చు.

ఆటలో నేర్పడమంటే ఊరికే ఆడించడం కాదు. సబ్బు బుడగలే తీసుకోండి. ఒకసారి ఊది, పుల్లను పెదవుల దగ్గరే పట్టుకుని ఆగండి. ఏమీ అనకండి. బిడ్డ పుల్లవైపు చూస్తాడు, తర్వాత మీ మొహంవైపు చూడొచ్చు, లేదా మీ చెయ్యి లాగొచ్చు. ఆ క్షణంలో "ఊదు" అని ఒక్క మాట అని ఊదండి. బిడ్డ అడిగాడు, మీరు ఇచ్చారు. మాటకు పునాది అక్కడే పడుతుంది.

బ్రిటన్‌లో 152 మంది చిన్నపిల్లలతో ప్యాక్ట్ అనే శిక్షణ మీద చేసిన అధ్యయనం ఈ దారిదే. థెరపిస్టు పాఠం చెప్పేది తల్లిదండ్రులకు. వాళ్లు బిడ్డతో ఆడుకునే వీడియో తీసి, కలిసి చూస్తూ, బిడ్డ ఇచ్చిన ఏ సైగను ఎలా అందుకోవాలో చూపిస్తారు. శిక్షణ ముగిసిన దాదాపు ఆరేళ్లకు కూడా ఈ శిక్షణ పొందని పిల్లలతో పోలిస్తే లక్షణాల తీవ్రత కొంత తక్కువగానే ఉందని 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. భాషలో, ఆందోళనలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆటిజాన్ని పూర్తిగా పోగొడతామని ఎవరైనా అంటే నమ్మకండి.

ఏ దారి పట్టినా, ఆటిజం ఉన్న పిల్లల్లో తరచూ కనిపించే చేతులు ఊపడాన్ని మాన్పించడాన్నే లక్ష్యంగా పెట్టుకోవద్దు. చాలామంది పిల్లలు తమను తాము శాంతపరచుకునేది దాంతోనే. మాటలు ఆలస్యమైతే, కావాల్సింది చూపించి అడగడానికి బొమ్మల కార్డులు ఇవ్వడానికి జంకకండి, వాటివల్ల మాట ఆగిపోదు. రిస్పెరిడోన్ లాంటి మందులు విపరీతమైన చిరాకును, తనను తాను కొట్టుకోవడాన్ని తగ్గించడానికే తప్ప మాటలు రప్పించడానికి కాదు. వాటితో బరువు పెరగొచ్చు, అందుకే డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి.

చేర్పించే ముందు సెంటర్‌లో ఒక్క మాట అడగండి: "సెషన్ జరుగుతుంటే నేను లోపల కూర్చోవచ్చా?" కుదరదంటే ఇంకోచోటు చూడండి.