పేగులో పేగు దూరితే: ఎనిమానా, ఆపరేషనా?

కాసేపటికోసారి మోకాళ్లు పొట్టకు ముడుచుకుని గుక్కపట్టి ఏడుపు. మధ్యలో బిడ్డ వాడిపోయినట్టు పడుకుంటుంది. తర్వాత ఆకుపచ్చ వాంతి, జిగటగా రక్తం కలిసిన విరేచనం. ఇది ఇంటస్ససెప్షన్ (పేగులో ఒక భాగం పక్క భాగంలోకి దూరిపోవడం) కావచ్చు. పొట్ట స్కాన్‌లో తెలిసిపోతుంది. గ్రైప్ వాటర్ పట్టి చూద్దామని దయచేసి గంటలు పోగొట్టకండి.

గాలి లేదా సెలైన్ ఎనిమా: కోత ఉండదు. మలద్వారం నుంచి ఒత్తిడితో పంపి, దూరిన పేగును వెనక్కి నెడతారు. 10 మందిలో దాదాపు 8 మందికి ఇది చాలు. ఖర్చు తక్కువ. చిల్లుపడే ప్రమాదం 1 శాతం లోపే. కానీ సుమారు 10 శాతం మందిలో మళ్లీ వస్తుంది, అందుకే ఇంటికెళ్లాక మొదటి 2 రోజులు ఓ కన్నేసి ఉంచాలి.

ఆపరేషన్: మత్తు, కుట్లు, ఎక్కువ ఖర్చు. మళ్లీ రావడం తక్కువ.

చాలామంది శిశువుల్లో ఫలానా కారణమంటూ దొరకదు. అరుదుగా మెకెల్స్ డైవర్టిక్యులమ్ (పుట్టుకతో పేగుకు ఉండే చిన్న సంచి), పాలిప్ (పేగు లోపలి గోడపై పెరిగే చిన్న కండ), లింఫోమా (ఒక రకం క్యాన్సర్) వంటివి పేగును లోపలికి లాగుతాయి. అప్పుడు ఎనిమాతో పేగు వెనక్కి వచ్చినా మూలం అక్కడే ఉంటుంది.

బిడ్డ నిలకడగా ఉంటే ముందు ఎనిమానే మేలు, అదీ పిల్లల సర్జన్ అందుబాటులో ఉన్నచోట. పొట్ట గట్టిపడినా, పేగు చిల్లుపడినా, సెలైన్ ఎక్కించినా షాక్ (శరీరానికి రక్తప్రసరణ చాలక బిడ్డ కుప్పకూలే స్థితి) నుంచి తేరుకోకపోయినా నేరుగా ఆపరేషనే.