వర్సాయ్ చాపెల్: పగటి టికెట్టా, సాయంత్రం కచేరీయా?

పారిస్ వెళ్లేవాళ్లకు ఎప్పుడూ వచ్చే సందేహమే ఇది. పారిస్ దగ్గరి వర్సాయ్ రాజభవనంలో ఉన్న, 1710లో పూర్తయిన ఈ బరోక్ (ఆడంబరమైన అలంకరణల పాత యూరప్ శైలి) ప్రార్థనా మందిరాన్ని పగలు రాజభవనం టికెట్‌తో చూడాలా, సాయంత్రం అందులో జరిగే సంగీత కచేరీకి వెళ్లాలా?

ఖర్చు: పగటి టికెట్‌లో రాజభవనం కూడా వస్తుంది. కచేరీకి వేరే టికెట్ కొనాలి, మంచి సీటైతే ధర బాగా ఎక్కువ.

చూపు: అసలు తేడా ఇక్కడే. పగలు సాధారణంగా గుమ్మం దగ్గర నిలబడి చూడాలి, వెనక జనం తోస్తుంటారు. కచేరీలో లోపలే కూర్చుంటాం. తల పైకెత్తితే క్వాపెల్, లా ఫోస్, జువెనే చిత్రించిన కప్పు కనిపిస్తుంది. 1770లో, తర్వాత ఫ్రాన్స్ రాజైన పదహారో లూయీకి, మేరీ ఆంటోనెట్‌కు పెళ్లి జరిగింది ఇక్కడే. ఆర్గన్ (పెద్ద గొట్టాల వాద్యం) మోగితే ఒళ్లు జలదరిస్తుంది.

శ్రమ: పగలు క్యూ. రాత్రి పారిస్‌కు తిరుగు రైలు టెన్షన్.

రిస్క్: సోమవారం భవనం మూసేస్తారు. కచేరీలో చవక సీటైతే స్తంభం అడ్డొస్తుంది.

చిన్నపిల్లలతో వెళ్తే, లేదా మొదటిసారైతే పగలే మేలు. సంగీతమంటే ప్రాణమైతే, భవనం ఇదివరకే చూసి ఉంటే కచేరీకే వెళ్లండి. నేనైతే ఇంకో ఖర్చు తగ్గించుకునైనా కచేరీ టికెట్టే కొంటాను.